సొరుగులో పళ్ళ సెట్టు

రావులపాలెం అరటి మార్కెట్లో నలభై ఏళ్ళు కమీషను వ్యాపారం చేసి, కొట్టు పెద్దకొడుక్కి అప్పజెప్పి, ఇప్పుడు అరుగు మీద కూర్చుని గెలల లారీలు చూసుకునే పెద్దమనిషి ఒకరు. ఆయన భార్యకి స్వయానా తమ్ముడు, హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మేష్టారు ఇంకొకరు. బావగారికి డెబ్భై రెండు, మేష్టారికి అరవై ఏడు. బావగారి పై దవడలో ఒక్క పన్ను లేదు, కింద మాత్రం ముందువైపు ఆరు మిగిలాయి. మేష్టారికి పైనా కిందా కట్టుడు పళ్ళే. అమెరికాలో డాలస్‌లో ఉన్న బావగారి చిన్నబ్బాయి, "ఆ మిగిలినవి కూడా పీకించేసి మొత్తం ఇంప్లాంట్లు పెట్టించేసుకోండి నాన్నా, డబ్బు నేను పంపుతాను" అని ఫోన్లో చెప్పాడు. పేచీ అక్కడ మొదలైంది. నేను పక్కింటివాణ్ణి. కాఫీ గ్లాసుతో మధ్యలో దొరికిపోయాను. గోదావరి జిల్లాల్లో బావా బావమరుదుల మాటల్లోంచి వెటకారం తీసేస్తే మిగిలేది పొడిపొడి అక్షరాలే కాబట్టి దాన్ని అలాగే ఉంచేశాను.

బావగారు: ఏవయ్యా మేష్టారూ, నా సంగతి తేలిపోయింది. పెట్టిస్తే స్క్రూ పళ్ళే పెట్టించుకుంటాను. లేదంటే ఇలాగే బోసినోటితో వెళ్ళిపోతాను. అంతేగానీ నీలాగ ప్లాస్టిక్కు పళ్ళు తగిలించుకుని తిరగడం నాకు పడదు.

మేష్టారు: పడదని మీరు చూడకుండా అంటే వినేవాణ్ణండి. చూశారు, కుదరలేదు, తీసి దాచారు. ఆరేళ్ళుగా సొరుగులో చుట్టల కట్ట పక్కన ఎండుతున్న సెట్టు ఎవరిదండి మరి?

బావగారు: నాదే. డబ్బిచ్చి మరీ కొనుక్కున్న బాధ. మాట్లాడుతుంటే టకటకమని చప్పుడు. ముందుపళ్ళతో ఏదన్నా కొరికితే వెనకవైపు లేచిపోయేది. మండపేటలో పెళ్ళికెళ్ళి తాపేశ్వరం కాజా కొరికితే, కాజాతో పాటు సెట్టూ చేతిలోకి వచ్చేసింది. వియ్యాలవారు చూస్తుండగా. అదీ దాని గొప్ప.

మేష్టారు: దానికోసం ఎన్నిసార్లు తిరిగారు?

బావగారు: రెండుసార్లు. క్యాంపు పెట్టారుగా. ఒక ఆదివారం కొలత తీసుకున్నారు, పై ఆదివారం తెచ్చి నోట్లో పెట్టారు. అద్దం చూపించి బాగుందన్నారు. నేనూ బాగుందన్నాను. రోడ్డు దాటేలోపు బాగోలేదు.

మేష్టారు: ఆ రెండుసార్లలోనే ఉందండి రోగమంతా. పద్ధతిగా చేస్తే అయిదుసార్లు కూర్చోబెడతారు. మొదటిసారి తీసేది మోటు అచ్చు. దాంతో ప్యారిస్ ప్లాస్టరులో మీ దవడ పోతపోసి, ఆ పోత మీద మీ ఒక్కరి నోటికే సరిపడే ట్రే తయారుచేస్తారు. రెండోసారి ఆ ట్రేతో అసలు అచ్చు. అప్పుడు పెదాలు ముందుకు పెట్టమంటారు, బుగ్గలు లాగుతారు, నాలుక చాపమంటారు. ఎందుకంటే సెట్టు అంచు ఎంతవరకూ పోవచ్చో చెప్పేది ఆ కదిలే కండలే. అంచు పొడుగైతే పుండు పడుతుంది, పొట్టిదైతే గాలి దూరి ఊడిపోతుంది. మూడోసారి మైనపు గట్లు నోట్లో పెట్టి, పళ్ళు కరిస్తే పై దవడకీ కింది దవడకీ మధ్య ఎంత ఎత్తుండాలో చూస్తారు. మీ టకటక అక్కడిదే. ఆ ఎత్తు కాస్త ఎక్కువైతే మాటమాటకీ పళ్ళు కొట్టుకుంటాయి. తక్కువైతే మొహం ముడుచుకుపోయి, పెదాల మూలలు నాని ఒరుస్తాయి. నాలుగోసారి పళ్ళని మైనంలోనే అమర్చి చూపిస్తారు. అయిదోసారికి గానీ అక్రిలిక్ సెట్టు చేతికి రాదు. ఆ తరవాత ఒరుసుకున్నచోట అరగదీయించుకోవడానికి మరో రెండు మూడు తిరుగుళ్ళు.

బావగారు: కూతురి పెళ్ళికి కూడా నేనిన్ని తిరుగుళ్ళు తిరగలేదయ్యా.

మేష్టారు: పెళ్ళికొడుకు ఇంటి పక్కవాడే కాబట్టి.

మైనంలో పళ్ళు చూపించే ఆ నాలుగోసారి గురించి నాదొక మాట. ఏ మార్పు కావాలన్నా ఖర్చు లేకుండా అయ్యేది ఆ రోజే. పన్ను పొడుగైందని, నవ్వితే చిగురు మరీ కనబడుతోందని, మాట తొట్రుపడుతోందని చెప్పుకోవలసిందీ అప్పుడే. మనవాళ్ళు ఆ రోజు అడిగేది మాత్రం ఒక్కటే: ఇంకా తెల్లగా. డెబ్భై ఏళ్ళ మొహంలో పాతికేళ్ళ పళ్ళు పెట్టించుకుని, ఎవరన్నా "కట్టుడువా?" అని అడిగితే నొచ్చుకుంటారు. పాత ఫొటో ఒకటి పట్టుకెళ్ళి డాక్టరుకి చూపిస్తే సగం పని తేలికవుతుంది.

బావగారు: సరే, క్యాంపువాళ్ళు హడావుడిగా చేశారనుకో. వెనకాల లేవడం మాటేమిటి? అదీ వాళ్ళ తప్పేనా?

మేష్టారు: అది మీ కింది ఆరుపళ్ళ పని. ఊరికే అనడం లేదు, చదివే చెబుతున్నాను. పైన మొత్తం సెట్టు, కింద ముందుపళ్ళు మాత్రమే ఉన్నవాళ్ళకి ఏమవుతుందో 1972లోనే కెల్లీ అనే అమెరికా దంతవైద్యుడు రాసిపెట్టాడు. కింద దవడపళ్ళు లేవు గనక నమిలే బరువంతా ఆ ఆరుపళ్ళ మీదే. అవి పైసెట్టుని ముందుభాగంలో పొడుస్తాయి, వెనకభాగం దిగుతుంది, గాలి దూరుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ పైన ముందువైపు ఎముక అరిగి, అక్కడ చిగురు మెత్తగా ఊగిసలాడుతుంది. మీకు పైసెట్టు ఇచ్చినవాళ్ళు కింద వెనకవైపు నాలుగేసి పళ్ళు కూడా కట్టించుకోమని చెప్పారా?

బావగారు: చెప్పారు. కింద ఎవరికి కనబడుతుంది, దండగని నేనే వద్దన్నాను.

మేష్టారు: ఆయ్. అక్కడికి తప్పెవరిదో తేలింది.

బావగారు: తేలలేదు. నువ్వు తీర్పు చెప్పావంతే. ఇంతకీ నువ్వు మొత్తం సెట్టు పెట్టుకుని సుఖంగా ఉన్నావా? ఏదీ, పెసరట్టు తప్ప నిన్ను గట్టిది తిననీ చూస్తాను. తేగ తినగలవా? చెరుకు నమలగలవా?

మేష్టారు: నమలలేను. సొంతపళ్ళకుండే బలంలో కట్టుడు పళ్ళకి నాలుగో వంతో అయిదో వంతో మిగులుతుంది. అది మొదటిరోజే చెప్పకపోవడం వల్లే జనానికి వీటి మీద కోపం. సొంతపళ్ళు ఎముకలో పాతుకుని ఉంటాయి, ఇవి మెత్తటి చిగురు మీద ఆనుకుని ఉంటాయి, బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? కానీ అన్నం, కూర, చపాతీ, మాంసం చిన్నముక్కలు, జీడిపప్పు వేసిన ఉప్మా, అన్నీ తింటున్నాను. మొదటి నెల కష్టపడ్డాను. నోరూరిపోయేది, ఏదో పరాయి వస్తువు వచ్చి కూర్చుందని నోటికి అనుమానం. రోజూ పేపరు గట్టిగా చదివేవాణ్ణి. ముద్ద రెండువైపులా సగం సగం పెట్టుకుని నమలడం నేర్చుకున్నాను. ఒకవైపే నమిలితే రెండోవైపు లేస్తుంది. ముందుపళ్ళతో కొరకడం మానేసి, జామకాయయినా చాకుతో కోసుకుంటున్నాను.

బావగారు: అరవై దాటాక మళ్ళీ అన్నప్రాశన అన్నమాట.

మేష్టారు: మీరు ఇప్పుడు చేస్తున్నదేమిటండి? మెత్తన్నం, పప్పుచారు, పెరుగు, పైన రెండు చక్కెరకేళీలు. ఆకుకూర పీచు నలగదని మానేశారు, వేరుశనగలు మానేశారు, పచ్చి కూరముక్క మొహం చూడరు. షుగరు ఎందుకు దిగడం లేదని డాక్టరుని మాత్రం అడుగుతారు.

బావగారు: అరటిపండు జోలికి రాకు. ఇల్లు గడిచింది దాని మీద. అదలా ఉంచు, పులస సంగతి చెప్పు. శ్రావణమాసంలో మీ అక్క పులస పులుసు పెడితే నువ్వెందుకయ్యా ముక్క పక్కన పెట్టి పులుసు పోసుకుంటావు?

మేష్టారు జవాబు చెప్పడానికి కాస్త ఆలోచించారు. ఈలోపు లోపల్నుంచి అక్కగారి గొంతు వినిపించింది.

అక్క: ఏం చెబుతాడు? ఇద్దరికీ ముళ్ళు తీసి పెడుతున్నది నేనే. ఒకాయనకి పళ్ళు లేక, ఒకాయనకి ఉండి.

మేష్టారు: అది నిజమేనండి. పైసెట్టు అంగిలినంతా కప్పేస్తుంది. వేడీ చల్లనా సరిగ్గా తెలియదు, ముల్లు తగిలినా తెలియదు. సన్నముళ్ళ చేప తిని గొంతులో ఇరికించుకున్న సెట్టువాళ్ళు ఎందరో ఉన్నారు. పులస అంటే ముళ్ళమయం. రుచి తెలిసేది చాలావరకు నాలుకతోనే, ముక్కుతోనే గనక రుచి పోదు గానీ, నోట్లో వస్తువుని తడిమి చూసుకునే తెలివి సగం పోతుంది. ఆ మేరకు మీరు గెలిచారు.

బావగారు: రాసుకోండి పక్కింటాయనా.

రాసుకున్నాను.

బావగారు: అసలు పళ్ళు లేకపోతే ఏమైంది? గాంధీగారు బోసినవ్వుతోనే దేశాన్ని నడిపించలేదా? ఫొటోల్లో ఎక్కడన్నా పళ్ళున్నాయా ఆయనకి?

మేష్టారు: ఫొటోల్లో లేవు, కంచం దగ్గర ఉండేవి. ఆయనకీ కట్టుడు పళ్ళు ఉండేవని, భోజనానికి పెట్టుకుని తరవాత తీసి కడుక్కునేవారని దగ్గరగా చూసినవాళ్ళు రాశారు. లోకమంతా చూసే నవ్వుకి పళ్ళు అక్కర్లేదనుకున్నాడు గానీ, నమలడానికి అక్కర్లేదనుకోలేదాయన.

బావగారు: ఆయనకీ సెట్టు కుదరక తీసేసేవాడేమో.

మేష్టారు: అదీ అయ్యుండొచ్చు. అప్పటి సెట్లు ఇప్పటివంత నయంగా ఉండేవి కాదు. అంతకుముందు మరీ అన్యాయం. అమెరికా మొదటి అధ్యక్షుడు వాషింగ్టన్ 1789లో ప్రమాణం చేసేనాటికి నోట్లో ఒకే ఒక్క సొంతపన్ను ఉందట. చెక్కపళ్ళు పెట్టుకునేవాడని కథ ఒకటి పుట్టింది గానీ, అది తప్పు. నీటిగుర్రం దంతం, మనుషుల పళ్ళు, సీసం, స్ప్రింగులు, ఇవీ ఆయన సెట్టులో ఉన్నవి. మధ్యతరగతివాడికి పళ్ళు అందింది 1850ల్లో గట్టి రబ్బరు వచ్చాకే. బంగారానికి బదులు రబ్బరు పలక మీద పళ్ళు అతికించడంతో ధర దిగింది. దాని పేటెంటు గుడ్‌ఇయర్ డెంటల్ వల్కనైట్ కంపెనీది. ప్రతి డాక్టరూ దానికి ఫీజు కట్టాల్సిందే, కట్టనివాళ్ళ మీద కేసులు. చివరికి 1879లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఛాల్‌ఫంట్ అనే పళ్ళడాక్టరు ఆ కంపెనీ పెద్దాయన బేకన్‌ని తుపాకీతో కాల్చి చంపేశాడు.

బావగారు: కమీషను దగ్గర అంత గొడవ మా మార్కెట్లో కూడా లేదు సుమా.

మేష్టారు: ఈ గులాబీరంగు అక్రిలిక్ వచ్చింది 1930ల చివర్లో. ఇప్పటికీ ఎక్కువమంది పెట్టుకునేది అదే.

బావగారు: అదే నేననేది! ఎనభై తొంభై ఏళ్ళ నాటి సరుకు. మా అబ్బాయి చెప్పేది కొత్తది. ఎముకలో స్క్రూ, దానిమీద పన్ను. తియ్యడం లేదు, కడగడం లేదు, గ్లాసులో పెట్టడం లేదు.

మేష్టారు: అదీ మరీ కొత్తది కాదండి. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే ఆయన కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం ముక్క ఎముకతో ఏకమైపోయి ఊడిరాకపోవడం గమనించి, 1965లో మొదటిసారి మనిషి దవడలో పెట్టాడు. మంచి పనే. సరిగ్గా కుదిరితే అంత గట్టి పన్ను ఇంకోటి లేదు. నేను దాన్ని తిట్టడం లేదు. కానీ మీ నోటికి ముందు చెయ్యాల్సింది అది కాదంటున్నాను. రోజుకెన్ని చుట్టలు?

బావగారు: మధ్యలో చుట్ట ఎందుకొచ్చిందయ్యా?

మేష్టారు: పొగతాగేవాళ్ళకి స్క్రూ ఎముకతో కలవకుండా వదులైపోయే ప్రమాదం ఎక్కువ గనక. షుగరు అదుపులో లేకపోతే గాయం మానడం ఆలస్యం. పై దవడలో వెనకవైపు ఎముక మెత్తన, దాని పైనే గాలిగది. చాలామందికి అక్కడ ఎముక పొడి వేసి పెంచాకే స్క్రూ దిగుతుంది. అదంతా మానేసరికి నెలలు. పైగా తియ్యడం కడగడం లేదన్నది ఎవరు చెప్పారండి? టైటానియం పుచ్చదు గానీ దాని చుట్టూ చిగురు పాడవుతుంది, ఎముక కరుగుతుంది. సొంతపన్ను కన్నా ఒద్దికగా కడుక్కోవాలి. సొంతపళ్ళే తోముకోక పోగొట్టుకున్నవాళ్ళం, మీరూ నేనూనూ.

బావగారు: నేను వేపపుల్లతో తోమేవాణ్ణి.

మేష్టారు: పుల్ల మంచిదే. తోమాక వెంటనే చుట్ట ముట్టించేవారు, అది కదా. ఇంకా నయం, నిప్పు బయటికే పెట్టుకుంటారు. శ్రీకాకుళం వైపు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పల్లెల్లో 1971లో డాక్టర్లు పదివేల మంది నోళ్ళు చూసి, అంగిలి మీద మచ్చలూ పుళ్ళూ క్యాన్సరుకి ఎలా దారితీస్తాయో రాశారు. మీరు ఏ పళ్ళు పెట్టించుకున్నా, పెట్టించుకోకపోయినా, ముందు ఆ అంగిలి ఒకసారి చూపించండి. సెట్టు ఒరుసుకుని పడ్డ పుండైనా సరే, రెండు వారాల్లో మానకపోతే ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూ కూర్చోకూడదు.

బావగారికి ఈ మాట తగిలింది. చేతిలో ఉన్న చుట్టని వెలిగించకుండా అటూ ఇటూ తిప్పి చెవి మీద పెట్టుకున్నారు. ఆయన ఊరుకునే రకం కాదు. అయితే ఈసారి ఎదురుదెబ్బ నేననుకున్నవైపు నుంచి రాలేదు.

బావగారు: సరే, నావన్నీ అయ్యాయి. నీ జేబులో ఆ ట్యూబు ఏమిటో చెప్పు.

మేష్టారు: ఏ ట్యూబండి?

బావగారు: సెట్టు అతికించుకునే జిగురు. రోజూ పొద్దున్న పూసుకుంటావు, మధ్యాహ్నం మళ్ళీ పూసుకుంటావు. మొన్న వాడపల్లి వెంకన్న గుళ్ళో ప్రసాదం తినేముందు స్తంభం చాటుకి వెళ్ళింది దేనికి? పైసెట్టుకి పూయవు, కిందిదానికే. అవునా?

మేష్టారు: పైదానికి అక్కర్లేదండి. అంగిలి వెడల్పు, దాని మీద పల్చగా తడి, అంచులు సరిగ్గా మూసుకుంటే గాలి దూరదు. అదే పట్టుకుంటుంది. కిందిది గుర్రపునాడా ఆకారం. పైదానికి దొరికే జాగాలో సగమే దానికి. మధ్యలో నాలుక, చుట్టూ బుగ్గలు. నాలుక కదిలితే అదీ కదులుతుంది.

బావగారు: ఎన్నో సెట్టు ఇది?

మేష్టారు: కిందిది మూడోది.

బావగారు: పైది?

మేష్టారు: రెండోది. అయిదారేళ్ళకోసారి మార్చుకోవాల్సిందే గనక.

బావగారు: మూడు మార్చినా ఎందుకు నిలవడం లేదో చెప్పు సైన్సు మేష్టారూ. నాకు కెల్లీగారు, బేకన్‌గారు అని చెప్పావుగా.

మేష్టారు: ఎముక కరిగిపోతోందండి. పన్ను ఉన్నంతవరకే దవడ ఎముకకి పని. పన్ను పోతే అది ఏటా కొంచెం కొంచెం తగ్గుతుంది. కెల్లీ రాసిన ఏడాదే టాల్‌గ్రెన్ అనే ఆవిడ, సెట్లు పెట్టుకున్నవాళ్ళని పాతికేళ్ళ పాటు చూసిన లెక్క బయటపెట్టింది. కింది దవడ పైదానికన్నా నాలుగింతలు తగ్గుతుంది. మీ లంకభూమి ఏటా వరదకి కోసుకుపోయినట్టేననుకోండి. పైన పంట ఎన్నిసార్లు మార్చినా, కింద గట్టు ఉండాలి కదా.

బావగారు: ఆ మాట లంకలో మూడెకరాలు గోదాట్లో కలిపేసుకున్నవాడికి చెబుతున్నావా? కోతపడే గట్టు మీద మళ్ళీ అరటి నాటేవాణ్ణి వెర్రివాడంటారు. నువ్వు నాలుగోసారి నాటబోతున్నావు. మరి ఆ గట్టుకి ఆపు ఏమీ లేదా?

మేష్టారు: ఉందండి.

బావగారు: ఏమిటది?

మేష్టారు: కింద ముందువైపు రెండు ఇంప్లాంట్లు పెట్టి, వాటికి సెట్టు నొక్కుబొత్తాంలా పట్టేట్టు చెయ్యడం. మొత్తం పళ్ళన్నీ స్క్రూల మీద కట్టక్కర్లేదు, రెండు చాలు. కింద ముందుభాగంలో ఎముక గట్టిగా ఉంటుంది, చాలామందికి అక్కడ మిగిలే ఉంటుంది. పళ్ళన్నీ పోయినవాళ్ళకి కింది దవడలో మొదట ఆలోచించాల్సింది అదేనని 2002లో కెనడాలో మెక్‌గిల్ యూనివర్సిటీలో కూర్చున్న నిపుణులు తేల్చి చెప్పారు. ఆ స్క్రూల చుట్టూ ఎముక కరగడం కూడా తగ్గుతుంది.

బావగారు: 2002లో తేల్చారా? నీకు ఎప్పటినుంచి తెలుసు?

మేష్టారు: ఓ పదేళ్ళుగా.

బావగారు: చుట్ట అలవాటు ఉందా నీకు?

మేష్టారు: లేదండి.

బావగారు: షుగరు?

మేష్టారు: లేదండి.

బావగారు: మరెందుకు పెట్టించుకోలేదు?

మేష్టారు: పెన్షను డబ్బుతో... సెట్టయితే వేలల్లో పోతుంది, స్క్రూ అనేసరికి పెద్ద లెక్క. పైగా నాకు దవడలో డ్రిల్లంటే...

బావగారు: భయం!

వాదన ఎటు తిరిగిందో నాకు అప్పుడు అర్థమైంది. స్క్రూలే కావాలని పట్టుబట్టిన మనిషి నోటికి స్క్రూలు అంత అవసరం లేదు. పైన అయిదు తిరుగుళ్ళ సెట్టు, కింద దవడపళ్ళు కట్టించుకుంటే ఆయన కాజా సంగతి ఎలా ఉన్నా గోంగూర మాంసం వరకూ వస్తారు. ఆ నోటికి స్క్రూలు వద్దని వాదించిన మనిషికే అవి రెండు కావాలి. పళ్ళ విషయంలో మనం అడగవలసిన ప్రశ్న తప్పుగా అడుగుతాం. ఏది మంచిది అంటాం. నోట్లో ఏం మిగిలింది, ఎముక ఎంతుంది, చేతులు వణుకుతాయా, సెట్టు తీసి కడుక్కోగలరా, ఇంట్లో చూసేవాళ్ళున్నారా, ఇవి తెలియకుండా ఏది మంచిదో ఏ డాక్టరూ చెప్పలేడు. ఫోన్లో డాలస్ నుంచి అసలు చెప్పలేరు.

మేష్టారు: భయం నాది నేను పడతాను గానీ, మీ అబ్బాయి మాట విని ఆ ఆరుపళ్ళూ పీకించేసుకోకండి. అవి ఉన్నాయి గనకే మీ కింది దవడలో ముందువైపు ఎముక నిలిచింది. వాటికి కొక్కేల్లా పట్టుకునేట్టు కోబాల్టు క్రోమియం చట్రం పోసి, వెనక పళ్ళు అమరుస్తారు. పల్చగా, గట్టిగా ఉంటుంది. రోజూ తీసి కడుక్కోవాలి. రేపు వాటిలో ఒకటి రెండు పాడైనా, వేరు బాగుంటే రూట్ కెనాల్ చేసి, పైన కోసేసి, వేళ్ళని అలాగే ఉంచి వాటిమీద సెట్టు ఆనించే పద్ధతి కూడా ఉంది. ఒకసారి పీకితే మాత్రం మీ గట్టూ నా గట్టులాగే అవుతుంది.

బావగారు: బ్రిడ్జి అంటారే, పక్కపళ్ళు అరగదీసి వాటికి కడతారు, అది?

మేష్టారు: దానికి అటూ ఇటూ పళ్ళుండాలి. మీకు వెనక చివర ఏమీ లేదు, దేనికి కడతారు? బస్టాండు పక్కన కూర్చుని తీగ చుట్టి, పక్కపళ్ళకి అక్రిలిక్ మెత్తి అప్పటికప్పుడు ఇచ్చేవాళ్ళు కట్టేస్తారనుకోండి. ఆర్నెల్లలో ఆ ఆరూ ఊడతాయి. దంతవైద్యుల చట్టం 1948లో వచ్చినా వాళ్ళు సంతల్లో ఇంకా ఉన్నారు.

బావగారు: పద్ధతిగా చేసేవాడి దగ్గరికి పోతే ఖర్చు ఎంత చెబుతాడో.

మేష్టారు: రాజానగరంలో లెనోరా డెంటల్ కాలేజీ ఉంది, రాజమండ్రిలో జీఎస్‌ఎల్ ఉంది, భీమవరంలో విష్ణు ఉంది. హైవే ఎక్కితే ఎంత దూరం? సెట్లు కట్టడం పిల్లల చదువులో భాగం. ప్రతి మెట్టు దగ్గరా ప్రొఫెసరు వచ్చి చూసి సరేనంటే గానీ ముందుకు పోనివ్వరు. బయటికన్నా చవక. కాకపోతే ఒక్కోసారి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చోవాలి. మనకి పనేముంది గనక? కర్ణాటకలో దంతభాగ్య అని, కేరళలో మందహాసం అని పేద ముసలివాళ్ళకి సర్కారే సెట్లు కట్టించే పథకాలు పెట్టింది. మనకి అందేది ఈ కాలేజీలే.

బావగారు: అలాగే వెళదాం. సొరుగులో సెట్టు పట్టుకొస్తాను, దాన్నే బాగుచేయమందాం.

మేష్టారు: పట్టుకురండి, ఎందుకు కుదరలేదో వాళ్ళకి తెలుస్తుంది. పెట్టుకోవడానికి మాత్రం పనికిరాదు. ఆరేళ్ళలో మీ దవడ మారింది, నీళ్ళు లేక అదీ ఎండి వంకర తిరిగి ఉంటుంది. రాత్రి తీసి చల్లనీళ్ళలో వెయ్యాలి. వేణ్ణీళ్ళలో వేస్తే వంకరపోతుంది. సబ్బునీళ్ళతో మెత్తటి బ్రష్షు పెట్టి రుద్దాలి, టూత్‌పేస్టు గీతలు పెడుతుంది. కింద బేసిన్లో నీళ్ళు పోసి దాని మీద కడగాలి, చెయ్యి జారితే గచ్చు మీద రెండు ముక్కలు.

అక్క: రాత్రిళ్ళు తీస్తున్నావా నువ్వు?

మేష్టారు: మొదట్లో తీసేవాణ్ణి కాదు. జపాన్‌లో 85 దాటిన 524 మందిని చూస్తే, పెట్టుకునే పడుకునేవాళ్ళకి న్యుమోనియా రెండింతలకు పైగా వచ్చిందని చదివాక తీస్తున్నాను. రాత్రంతా అంగిలి మూసేస్తే బూజు కూడా పట్టి ఎర్రబడుతుంది. ఇంకోటి. ఏ ఆపరేషనుకి వెళ్ళినా సెట్టు ఉందని మత్తుడాక్టరుకి చెప్పి తీసెయ్యాలి. గొంతులోకి జారితే అక్రిలిక్ ఎక్స్‌రేలో కూడా కనబడదు.

ఇంతలో డాలస్ ఫోను రానే వచ్చింది. అక్కడ రాత్రి, ఇక్కడ కాఫీ రెండోసారి. బావగారు స్పీకరు పెట్టారు.

బావగారు: ఒరేయ్, పీకించడం లేదు. ఉన్నవి ఉన్నట్టే. రాజానగరం వెళ్ళి పైన సెట్టు, కింద చట్రం కట్టించుకుంటున్నాను. నువ్వు పంపుతానన్న డబ్బు మాత్రం పంపు. మీ మావయ్యకి కింద రెండు స్క్రూలు పెట్టించాలి.

మేష్టారు: బావగారూ! నాకెందుకండి, నేను అడిగానా? పిల్లాడి డబ్బుతో నేను...

బావగారు: నువ్వు నన్ను చుట్ట మానమన్నావు, నేను అడిగానా? ఇది నీకు ఇచ్చేస్తున్నాను చూడు. (చెవి మీది చుట్ట తీసి మేష్టారి జేబులో, ఆ జిగురు ట్యూబు పక్కన పెట్టారు.) నువ్వు డ్రిల్లుకి కూర్చున్న రోజున నేను మిగతా కట్ట కూడా ఇస్తాను. కూర్చోకపోతే ఇది వెనక్కి ఇచ్చెయ్యాలి. చెల్లుకి చెల్లు.

మేష్టారు: ఆ కట్టలో ఇంకా ఎన్ని ఉన్నాయండి?

అక్క: నిన్ననే కొత్తది తెచ్చుకున్నారు.